పాలిమర్‌తో ఘర్షణ తగ్గింపు: 25 మి.మీ. గొట్టంలో 12 శాతమే వస్తోంది, మిగతాది ఎక్కడ పోతోంది?

ఎంటెక్_ఫ్లూయిడ్స్

అందరికీ నమస్కారం. టర్బులెంట్ (సుడులు తిరిగే) ప్రవాహంలో డ్రాగ్, అంటే ఘర్షణ, తగ్గింపు మీద ప్రాజెక్టు. రిగ్ వివరాలు ఇవీ:

అక్రిలిక్ గొట్టం, లోపలి వ్యాసం 25 మి.మీ., పొడవు 5 మీ. మొదటి ప్రెషర్ ట్యాపింగ్ (పీడనం కొలిచే రంధ్రం) ఇన్‌లెట్ నుంచి 1.25 మీ. దగ్గర, రెండోది దానికి 2 మీ. అవతల. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, 1 హెచ్‌పీ సెంట్రిఫ్యూగల్ మోనోబ్లాక్. నీళ్లు తిరిగి అదే డ్రమ్ములోకి వస్తాయి. సగటు వేగం సెకనుకు 3 మీ., నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు.

పాలిమర్: పాలీఇథిలీన్ ఆక్సైడ్ (పీఈఓ), అణుభారం 40 లక్షలు. 2 గ్రాముల పొడి నేరుగా డ్రమ్ములో చల్లి, డ్రిల్లుకు బిగించిన స్టిరర్‌తో అరగంట కలిపితే లెక్క ప్రకారం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10).

మానోమీటర్‌లో ఉత్త నీళ్లకు తేడా 66 సెం.మీ. నీటి మట్టం. పాలిమర్‌తో 58. పది నిమిషాల తర్వాత 65. పుస్తకాల్లో ఇదే మోతాదుకు సగానికి పైగా తగ్గుతుందని ఉంది. పొడి పాడైందా, రిగ్‌లో లోపమా?

శారద_రియాలజీ

ముందు ఉత్త నీళ్ల రీడింగ్ సరిచూద్దాం. 30 డిగ్రీల దగ్గర నీటి కైనమాటిక్ స్నిగ్ధత సెకనుకు 0.8 చదరపు మి.మీ. అంటే ప్రవాహం ఎంత టర్బులెంటో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య దాదాపు 94,000. బ్లాసియస్ సూత్రంతో ఫానింగ్ ఘర్షణ గుణకం 0.0045. రెండు మీటర్లకు పీడన నష్టం 6.5 కిలోపాస్కల్, అంటే 66 సెం.మీ. మీ రీడింగూ అంతే. కాబట్టి గొట్టం, ట్యాపింగులు, ఫ్లో కొలత సరిగ్గానే ఉన్నాయి. ఈ పని చెయ్యకుండా నేరుగా పాలిమర్ పోసేవాళ్లే ఎక్కువ. తర్వాత ఏ అంకెనూ నమ్మలేక ఇబ్బంది పడతారు. ఉష్ణోగ్రత మాత్రం ప్రతి రన్‌కీ రాసుకోండి. ఇవే నీళ్లు 20 డిగ్రీలుంటే రీడింగ్ 70 దగ్గర ఉంటుంది.

మీ తగ్గింపును తినేస్తున్నవి మూడు: పొడి కలిపిన తీరు, డ్రిల్లు, పంపు. మూడింట్లో పెద్దది పంపు.

పీఈఓ పనిచేసేది దాని అణువు గొలుసు పొడవు వల్ల. ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) అంచుల దగ్గర నీరు ఒక్కసారిగా సాగుతుంది, దాంతోపాటు గొలుసూ సాగి, ఎక్కువగా నడిమధ్యలో తెగుతుంది. 40 లక్షల గొలుసు ఒకటి 20 లక్షలవి రెండవుతుంది. తూకం మారదు, పీపీఎం మారదు, కానీ గొలుసు విశ్రాంతి కాలం (సాగాక మళ్లీ ముడుచుకోడానికి పట్టే కాలం) మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. మళ్లీ పంపులోకి వెళ్తే మళ్లీ తెగుతుంది. నిమిషానికి 88 లీటర్లు తోడుతున్నారు, డ్రమ్ము 200 లీటర్లు. అంటే పది నిమిషాల్లో నీళ్లన్నీ సగటున నాలుగు సార్లకు పైగా ఇంపెల్లర్ గుండా పోయాయి. 58 నుంచి 65కి రావడంలో వింతేమీ లేదు.

గొట్టాల_మేస్త్రి

శారద గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పంపు తీసెయ్యండి తమ్ముడూ, ఈ రిగ్‌కి పంపే అవసరం లేదు.

లెక్క చూడు. 5 మీటర్ల గొట్టానికి ఘర్షణ నష్టం 1.65 మీ. వేగానికి పోయే హెడ్ (నీటి ఎత్తుగా చెప్పే పీడనం) 0.46 మీ. ఇన్‌లెట్‌కి కాస్త. మొత్తం 2.2 మీ. గొట్టం చివరికంటే నీటి మట్టం రెండున్నర మూడు మీటర్లు ఎత్తులో ఉంటే చాలు, 3 మీ. వేగం గురుత్వంతోనే వస్తుంది. డ్రమ్ముని మెజనైన్ మీదో స్లాబ్ మీదో పెట్టు. అక్కణ్ణుంచి దిగే గొట్టం 50 మి.మీ. వెయ్యి, అందులో నష్టమూ తక్కువ, గొలుసులు తెగడమూ తక్కువ. 50 నుంచి 25కి మారే చోట మామూలు రెడ్యూసర్ పెట్టకు. దాని పదునైన అంచు దగ్గర కూడా గొలుసులు తెగుతాయి. గంట మూతిలా నున్నగా తిరిగిన బెల్‌మౌత్ కావాలి. లేత్ మీద నైలాన్ దిమ్మెతో చేయించుకోవచ్చు.

వాల్వు చివర్లోనే ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోరు. ముందు పెడితే సగం మూసిన వాల్వులో నలిగిన పాలిమర్‌నే నువ్వు కొలుస్తావు. చివర ఉంటే కొలత అయిపోయాక ఏం తెగినా మనకు సంబంధం లేదు. పైగా ఘర్షణ తగ్గితే అదే హెడ్‌కి ఫ్లో పెరుగుతుంది. ఉత్త నీళ్ల ఫ్లోకి సమానంగా తేవాలంటే ఆ వాల్వే కాస్త మూయాలి. సమాన ఫ్లో దగ్గర పీడనాలు పోల్చకపోతే శాతానికి అర్థం లేదు.

ఫ్లోని బకెట్టు, స్టాప్‌వాచ్, తూకంతో కొలువు. 30 సెకన్లలో 44 కిలోలు పడాలి. టర్బైన్ మీటరు, పిటాట్ ట్యూబు పాలిమర్ నీళ్లలో తప్పు చూపిస్తాయి, వాటి కాలిబ్రేషన్ ఉత్త నీళ్లకు చేసింది. విద్యుదయస్కాంత మీటరైతే ఫర్వాలేదు.

ఇంకొకటి. మొదటి ట్యాపింగ్ 1.25 మీ. దగ్గరంటే 50 వ్యాసాలు. ఉత్త నీళ్లకు సరిపోతుంది, పాలిమర్‌కి చాలదు, ప్రవాహం కుదురుకోడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. 100 వ్యాసాలు వదులు. అంటే ట్యాపింగులు 2.5 మీ. దగ్గర, 4.5 మీ. దగ్గర. రంధ్రం 1.5 మి.మీ. చాలు. లోపలివైపు బర్ (అంచు గరుకు) లేకుండా సన్నటి ఎమెరీతో రుద్దు.

ఎంటెక్_ఫ్లూయిడ్స్

చాలా థ్యాంక్స్ అన్నా. డ్రమ్ములో మట్టం తగ్గేకొద్దీ హెడ్ మారిపోతుంది కదా?

గొట్టాల_మేస్త్రి

మారుతుంది. 200 లీటర్లు రెండు నిమిషాల పావుకి ఖాళీ. డ్రమ్ము మీద రెండు గీతలు గీసి, మట్టం ఆ గీతల మధ్య ఉన్నప్పుడే ఉత్త నీళ్లకూ పాలిమర్‌కూ రీడింగ్ తియ్యి. వెడల్పైన తొట్టి దొరికితే ఇంకా మంచిది, మట్టం మెల్లగా తగ్గుతుంది. ఓవర్‌ఫ్లో పెట్టి స్థిర మట్టం నిలబెడదామంటే పొంగిన నీళ్లు మళ్లీ పైకి తోడాలి, మళ్లీ పంపు గొడవే.

శారద_రియాలజీ

ఇక స్టాక్, అంటే ముందుగా చేసుకునే చిక్కటి ద్రావణం, సంగతి. పొడిని నేరుగా నీళ్లలో చల్లితే ప్రతి రేణువు పైపొర ముందు నాని జిగురవుతుంది, లోపలికి నీరు పోదు. ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు, బయట మెత్తగా లోపల పొడిగా ఉండిపోతుంది. చేప కళ్లలాంటి ఆ ఉండలు డ్రమ్ము అడుగున కనిపించే ఉంటాయి. వాటిని విడగొట్టడానికి డ్రిల్లు పెడితే అప్పటికే కరిగిన గొలుసులు తెగుతాయి.

లీటరు 0.2 శాతం స్టాక్‌కి ఇలా చెయ్యండి. 2 గ్రాముల పీఈఓని పొడి బీకరులో 15 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపండి. అది పీఈఓని గది ఉష్ణోగ్రతలో కరిగించదు, రేణువులను విడదీస్తుంది అంతే. ఇంకో పాత్రలో లీటరు నీళ్లు తీసుకుని నిమిషానికి 300 చుట్లతో సుడి తిప్పుతూ, ఆ ముద్దని సుడి అంచులోకి ఒక్క ఊపున పొయ్యండి. ఒకటి రెండు నిమిషాల్లో నీళ్లు చిక్కబడటం మొదలవుతుంది. వెంటనే వేగం 60–80కి తగ్గించి గంట తిప్పి ఆపెయ్యండి. మూత పెట్టి, ఎండ తగలని చోట 12 నుంచి 24 గంటలు ఉంచండి. మిగతా పని నానడమే చేస్తుంది. మిక్సీ, హోమోజినైజర్ దగ్గరికి రానివ్వకండి.

నీళ్లు: కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, అది గొలుసుల్ని తెంపుతుంది. రాత్రంతా తెరిచి ఉంచినవో డీఅయనైజ్డ్ నీళ్లో వాడండి. ఇనుము, రాగి కూడా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఇదే పని చేస్తాయి. అందుకని జీఐ బకెట్టు, ఇత్తడి ఫిట్టింగులు వద్దు. తడపడానికి వాడిన ఆల్కహాల్ ఈ ఆక్సీకరణను కొంత అడ్డుకుంటుంది కూడా.

బాగా కుదిరిందో లేదో గాజు కడ్డీ ముంచి మెల్లగా పైకి తీస్తే తెలుస్తుంది. కడ్డీ కొసనుంచి వెంట్రుకంత తీగ తెగకుండా సాగాలి, తెగాక కూడా కాస్త వెనక్కి లాక్కున్నట్టు ఉండాలి. నీళ్లలా బొట్లు బొట్లుగా రాలితే ఆ స్టాక్‌ని పారబొయ్యండి. పొడి మీదే అనుమానం ఉంటే 1 శాతం ద్రావణం చేసి స్నిగ్ధత చూడండి. 40 లక్షల అణుభారమున్న పీఈఓ బ్రాండు, పాలియాక్స్ డబ్ల్యూఎస్ఆర్-301 గ్రేడుకి 25 డిగ్రీల దగ్గర 1650 నుంచి 5500 సెంటీపాయిజ్ రావాలి. దానికంటే బాగా తక్కువుంటే పొడి నిల్వలోనే ఆక్సీకరణకు గురైంది.

ఈ లీటరు స్టాక్‌ని 200 లీటర్లలో పోస్తే సరిగ్గా 10 పీపీఎం. వెడల్పాటి తెడ్డుతో మెల్లగా అడుగునుంచి పైకి కలిపి గంట ఆగి, అదే రోజు వాడెయ్యండి. పల్చటి ద్రావణం నిల్వకి పనికిరాదు.

డోసింగ్_రాజు

పెద్ద పైపుల్లో ముందే కలపరు కదా మేడమ్, స్టాక్‌ని ఇంజెక్ట్ చేస్తారు. అది ఇక్కడ పనికిరాదా?

శారద_రియాలజీ

లెక్క ప్రకారం వస్తుంది రాజు గారూ. సెకనుకు 1.47 లీటర్ల ప్రవాహానికి 10 పీపీఎం కావాలంటే 0.2 శాతం స్టాక్ నిమిషానికి 440 మి.లీ. ఎక్కించాలి, పంపు తర్వాత, పెరిస్టాల్టిక్ పంపుతో. చిక్కల్లా కలవడంలో ఉంది. ఈ గ్రేడు పీఈఓ గొలుసులు దాదాపు 500 పీపీఎం దాటితే ఒకదాన్నొకటి తాకుతూ పెనవేసుకుంటాయి. 2000 పీపీఎం స్టాక్ గొట్టంలోకి దారాల్లా దిగి, వందల వ్యాసాల దూరం విడిపోకుండా సాగుతుంది. కిలోమీటర్ల లైనులో అది లెక్కలోకి రాదు. 5 మీటర్ల గొట్టంలో కొలిచేది పూర్తిగా కలవని ప్రవాహాన్ని అవుతుంది.

రైతునేస్తం_కదిరి

నమస్తే అండి. ఇదంతా చదువుతుంటే ఒక ప్రశ్న. బోరు మోటారు లైనులో ఇది వేస్తే కరెంటు తగ్గుతుందా? మా వైపు 60 మీటర్ల నుంచి తోడుతాం.

పంపుల_శాస్త్రి

తగ్గదని ముందే చెప్పేస్తాను, కారణం లెక్కలో ఉంది. మీ మోటారు శ్రమలో అత్యధికం నీటిని 60 మీటర్లు పైకెత్తడానికే. పాలిమర్ ఆ ఎత్తుని ఒక్క అంగుళం కూడా తగ్గించలేదు. పైపు ఘర్షణ 6 మీటర్లు అనుకుందాం. అందులో 60 శాతం తగ్గించగలిగినా ఆదా అయ్యేది 3.6 మీటర్లు, మొత్తం 66లో ఐదున్నర శాతం. దానికి గంటకు 10 వేల లీటర్లు, రోజుకు 6 గంటలు తోడితే 600 గ్రాముల పాలిమర్, రోజూ. అది కూడా బోరు అడుగున పంపు తర్వాత కలపాలి. సక్షన్ దగ్గర కలిపితే సబ్‌మెర్సిబుల్ పంపులోని ఇన్ని స్టేజీల ఇంపెల్లర్లు దాటి ఏ గొలుసూ బతకదు.

ఇంకో మాట. సెంట్రిఫ్యూగల్ పంపు మీద ఘర్షణ తగ్గితే అది ఎక్కువ నీళ్లు తోస్తుంది, ఎక్కువ కరెంటు కూడా లాగొచ్చు. మీటరు చూసి నష్టమనుకునే ప్రమాదం ఉంది. లీటరుకి ఎంత ఖర్చయిందో చూడాలి.

మీకు నిజంగా ఘర్షణే బాధైతే, ఉదాహరణకి బోరు నుంచి తోటకి పొడవాటి సమతలం లైనుంటే, 63 మి.మీ. పైపు తీసి అదే తరగతి 75 మి.మీ. వెయ్యండి. అదే ఫ్లోకి ఘర్షణ నష్టం వ్యాసం పెరిగేకొద్దీ సుమారు ఐదో ఘాతంలో పడిపోతుంది. ఈ ఒక్క మార్పుతో సగానికంటే తక్కువవుతుంది. పాలిమర్ ఇచ్చేది దాదాపు ఇంతే, పైపైతే ఒక్కసారే కొంటారు.

రైతునేస్తం_కదిరి

అర్థమైంది సార్, పైపు మార్చడమే నయం. మరి ఇది పనికొచ్చేది ఎక్కడ?

పైప్‌లైన్_వర్మ

పైపు మార్చడం కుదరని చోట, నష్టమంతా ఘర్షణే అయిన చోట. ముడి చమురు లైన్లు అందుకు అచ్చమైన ఉదాహరణ. అలాస్కాలో 48 అంగుళాల ట్రాన్స్-అలాస్కా పైప్‌లైన్‌లో 1979లో మొదలుపెట్టారు, పెద్ద ఎత్తున వాణిజ్య వాడకం అక్కణ్ణుంచే. అక్కడ పీఈఓ కాదు, నూనెలో కరిగే పొడవాటి పాలీఓలిఫిన్ గొలుసులు. సూత్రం ఒక్కటే, పంపు స్టేషన్ దాటితే గొలుసు పోతుంది. అందుకే ప్రతి స్టేషన్‌లోనూ పంపు తర్వాత మళ్లీ ఎక్కిస్తారు.

నీళ్ల విషయానికొస్తే అగ్నిమాపకం. 1960ల చివర్లో, 1970ల తొలినాళ్లలో న్యూయార్క్ అగ్నిమాపక శాఖ పీఈఓ కలిపిన నీళ్లు వాడి చూసింది. రెండున్నర అంగుళాల హోస్ ఇచ్చే నీళ్లని 1¾ అంగుళాల హోస్‌తో ఇవ్వగలిగారు. నీళ్లు నిండిన రెండున్నర అంగుళాల హోస్‌ని మెట్లమీద మలుపు తిప్పడం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్లకి తెలుసు. సన్న హోస్‌తో అంతే నీళ్లు రావడమంటే మనుషుల ప్రాణాలకు సంబంధించిన లాభం. పైగా నీరు ఒక్కసారే పోతుంది, తిరిగి రాదు. హోస్ దాటాక గొలుసు తెగినా నష్టం లేదు. షేల్ గ్యాస్ బావుల్లో పంపే స్లిక్‌వాటర్ (పాలిమర్ కలిపిన జారుడు నీరు) కూడా ఇదే. అక్కడ ఎక్కువగా పాలీఅక్రిలమైడ్ వాడతారు.

ఎంటెక్_ఫ్లూయిడ్స్

సార్, వేగం తగ్గించి చూస్తే సెకనుకు అర మీటరు దగ్గర తగ్గింపు దాదాపు సున్నా. ఇదీ గొలుసులు తెగడం వల్లేనా?

శారద_రియాలజీ

కాదు, అది ఆరంభ పరిమితి. తెలుసుకోవాల్సిన విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కదలని నీళ్లలో పాలిమర్ గొలుసు ముడుచుకుని ఉంటుంది. సాగదీసి వదిలితే మళ్లీ ముడుచుకోడానికి పట్టే కాలం 40 లక్షల పీఈఓకి సుమారు 1 మిల్లీసెకను. గోడ దగ్గరి సుడుల కాలం దీనికంటే చిన్నదైతేనే గొలుసు తేరుకోలేక సాగుతుంది. సాగిన గొలుసులున్న నీరు ఇంకా సాగడానికి విపరీతంగా ఎదురు తిరుగుతుంది. గోడను ఆనుకుని ప్రవాహ దిశలో తిరిగే సుడులు నీటిని సాగదీస్తూనే బతుకుతాయి, వాటి బలం అక్కడ పడిపోతుంది. మామూలు షియర్ స్నిగ్ధత (పొరలు ఒకదానిమీద ఒకటి జారేటప్పటి చిక్కదనం) 10 పీపీఎం దగ్గర నీళ్లకంటే పెద్దగా తేడా ఉండదు. అందుకే లామినార్ (సుడులు లేని) ప్రవాహంలో ఏ లాభమూ ఉండదు.

మీ గొట్టంలో 3 మీ. వేగం దగ్గర గోడ షియర్ ఒత్తిడి 20 పాస్కల్, సుడుల కాలం 0.04 మిల్లీసెకన్లు. గొలుసు కాలం దానికి పాతిక రెట్లు. అర మీటరు దగ్గర ఒత్తిడి 0.9 పాస్కల్, రెండు కాలాలూ దాదాపు సమానం. అందుకే అక్కడ ఏమీ కనపడదు. వేగం 0.5 నుంచి 3 వరకు ఐదారు చోట్ల రీడింగ్ తీసి గీస్తే ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా వస్తుంది. తెగిన గొలుసులుంటే ఆ మొదలు ఎక్కువ వేగం వైపు జరుగుతుంది. తెగుదలని పట్టుకునే సులువైన పద్ధతి కూడా ఇదే.

పై హద్దు కూడా ఉంది. ఈ ప్రభావాన్ని శాస్త్రవేత్త టామ్స్ 1948లో హాలండ్‌లోని షెవెనింగెన్ రియాలజీ సదస్సులో వెల్లడించారు. తర్వాత ఎంఐటీలో పరిశోధకుడు విర్క్, ఎంత పాలిమర్ పోసినా దాటలేని గరిష్ఠ హద్దుని చూపించారు: ఘర్షణ గుణకం వర్గమూలానికి విలోమం = 19 × లాగ్ (రేనాల్డ్స్ సంఖ్య × ఆ వర్గమూలం) − 32.4. మీ 94,000 దగ్గర గుణకం 0.0009 వస్తుంది, అంటే 80 శాతం తగ్గింపు, మానోమీటర్‌లో 13 సెం.మీ. దానికంటే తక్కువ వస్తే ఫ్లో కొలతనే అనుమానించండి.

గోరుచిక్కుడు

పీఈఓ దొరకని కాలేజీలకి గ్వార్ గమ్ చెప్పండి. గోరుచిక్కుడు గింజల జిగురే, రాజస్థాన్‌లో పండేది, తేలిగ్గా దొరుకుతుంది. మోతాదు ఎక్కువ, కొన్ని వందల పీపీఎం కావాలి. కానీ గొలుసు బిరుసుది, తొందరగా తెగదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఆర్.పి. సింగ్ బృందం ఇలాంటి గమ్‌లకు పాలీఅక్రిలమైడ్ కొమ్మలు అతికించి, తక్కువ మోతాదుతో పనిచేస్తూ తెగకుండా నిలిచేవి తయారుచేసింది. గ్వార్‌తో తలనొప్పి కుళ్లడం. మన ఎండాకాలంలో బయోసైడ్ లేకుండా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో వాసన వచ్చి నీరుకారిపోతుంది. కరగని పొట్టు కూడా ఉంటుంది, వడకట్టకపోతే ట్యాపింగు రంధ్రాల్లో చేరుతుంది. బెండకాయ జిగురుతోనూ తగ్గింపు వస్తుంది. కానీ కాయకీ కాయకీ మారుతుంది, డెమోకి బాగుంటుంది, కొలతకి కాదు.

డోసింగ్_రాజు

పాలీఅక్రిలమైడ్ వాడేవాళ్లకి రెండు మాటలు. ఆనయానిక్ (రుణావేశం ఉన్న) రకం గట్టి నీళ్లలో చతికిలబడుతుంది. కాల్షియం ఉన్న బోరు నీళ్లలో, నల్గొండ అనంతపురం నీళ్లలాంటి వాటిలో, గొలుసు మీది ఆవేశాలు కప్పబడి ముడుచుకుపోతుంది. పీఈఓకి ఆవేశం లేదు, ఉప్పు నీళ్లలోనూ పనిచేస్తుంది. రెండోది, తాగునీటి లైనులో ప్రయోగాలు వద్దు. మిగిలిపోయిన అక్రిలమైడ్ మోనోమర్ విషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకి 0.5 మైక్రోగ్రాములు. కేటయానిక్ (ధనావేశం ఉన్న) రకం చెరువులో కలిస్తే చేపల మొప్పలకి పట్టుకుంటుంది.

ఏసీ_ప్లాంట్_మురళి

చల్లటి నీళ్లు రోజంతా తిరిగే ఏసీ లూపులకి వీటిలో ఏదైనా?

శారద_రియాలజీ

పాలిమర్ కాదు, సర్ఫాక్టెంట్ (సబ్బు తరహా పదార్థం). సీట్యాక్ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం క్లోరైడ్) లాంటి క్వాటర్నరీ అమ్మోనియం లవణం, సోడియం సాలిసిలేట్ కలిస్తే పొడవాటి పురుగుల్లాంటి మైసెల్లులు (ఆ అణువుల గుంపులు) ఏర్పడతాయి. పంపులో తెగినా కాసేపటికి మళ్లీ వాటంతట అవే అతుక్కుంటాయి. జపాన్‌లో భవనాల ఏసీ లూపుల్లో ఇలాంటివి వాడారు. అయితే ఘర్షణతో పాటు ఉష్ణ మార్పిడి కూడా, తరచు ఇంకా ఎక్కువగా, తగ్గుతుంది. చిల్లర్ ట్యూబుల్లో, ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచే యూనిట్) కాయిళ్లలో ఆ నష్టం లెక్కేసుకోకుండా మొదలుపెట్టకండి.

ఎంటెక్_ఫ్లూయిడ్స్

డ్రమ్ము పైకెక్కించి, బెల్‌మౌత్ పెట్టి, స్టాక్ మీరు చెప్పినట్టే చేశాక అదే ఫ్లోకి రీడింగ్ 30 సెం.మీ., 55 శాతం. 20 పీపీఎంతో 24. రెట్టింపు పోస్తే రెట్టింపు రాలేదు.

శారద_రియాలజీ

రాదు. హద్దు దగ్గరయ్యేకొద్దీ అదనపు పాలిమర్‌కి ఫలితం తగ్గిపోతుంది. 2, 5 పీపీఎంలు కూడా చెయ్యండి, వంపు తేడాగా కనిపించేది అక్కడే.

గొట్టాల_మేస్త్రి

బాగుంది తమ్ముడూ. ఒక్క జాగ్రత్త: స్టాక్ నేల మీద ఒలికితే కాలు నిలవదు, నీళ్లు పోస్తే ఇంకా జారుతుంది. ముందు రంపపు పొట్టు చల్లి ఎత్తెయ్యి, తర్వాతే కడుగు. రన్‌కీ రన్‌కీ మధ్య గొట్టంలో ఉత్త నీళ్లు వదిలి 66 తిరిగి వచ్చిందో లేదో చూసుకో, రాకపోతే లోపల ఇంకా పాలిమర్ ఉన్నట్టే.